కంచె మీద పళ్లెం

ఉగాది సంచికకు వంట గురించి ఏదైనా రాసిమ్మని సంఘం వారు అడిగినప్పుడు వారి మనసులో పులిహోరో, పనసపొట్టు కూరో ఉండి ఉంటుంది. నేను పంది మాంసం గురించి రాస్తానన్నాను. ఫోనులో అవతలి పక్క కాసేపు మాట లేదు. "సరే రాయండి, మరీ నోరూరేలా వర్ణించకండి" అన్నారు చివరికి. వర్ణించను. కాని చెప్పవలసిన కథ ఒకటుంది. అది పంది లేకుండా చెప్పడం కుదరదు. ముట్టనివారు, మతం ఒప్పనివారు, శాకాహారులు కథ వరకు చదివి కొలతల దగ్గర పేజీ తిప్పేసినా నేనేమీ అనుకోను.

మేం 2009లో మెల్బోర్న్ ఉత్తరాన రెజర్వాయర్‌లో ఇల్లు కొన్నాం. (ఈ పేరుని ఇక్కడివాళ్లు ఎలా పలుకుతారో మీకు తెలుసు. పదిహేనేళ్లయినా నాకింకా నోరు తిరగదు.) నేను మెకానికల్ ఇంజనీరుని, మా ఆవిడ డాక్టరు, ఇద్దరిదీ విశాఖపట్నం. సామాను దించుకున్న మర్నాడే పక్కింటి పెద్దాయన చెక్క కంచె మీదుగా ఒక సంచీడు టమాటాలు అందించారు. ఇటలీలో అబ్రుజ్జో కొండల మనిషి. 1950ల చివర్లో ఓడ దిగి స్టేషన్ పియర్ మీద అడుగుపెట్టినప్పుడు ఆయనకి ఇరవయ్యేళ్లు కూడా లేవట. ముప్ఫయ్యేళ్లు కార్ల ఫ్యాక్టరీలో పనిచేశారు. మనవలు ఆయన్ని నోన్నో అంటారు, అంటే తాత. మా పిల్లలూ అలాగే పిలిచేవారు, చివరికి మేమూ అదే మొదలెట్టాం.

ఆ ఏడాది క్రిస్మస్ నాటి మధ్యాహ్నం కంచె మీదికి ఒక పళ్లెం వచ్చింది. పైన అల్యూమినియం ఫాయిల్, లోపల చక్రాల్లా కోసిన మాంసం. అంచున ఎర్రగా పొంగిన తోలు, మధ్యలో పచ్చటి ఆకుల చార. "పోర్చెట్టానా?" అన్నాను, తెలిసినట్టు. "పోర్‌కెట్టా" అని దిద్దారు. ఇటాలియన్‌లో ఆ అక్షరాలు అలా వస్తే "క" పలకాలట.

మా ఇంట్లో కోడి, మేక, చేప, రొయ్య అన్నీ నడుస్తాయి. విశాఖ వాళ్లం, చేప లేకపోతే ఆదివారం కాదు. పంది మాత్రం గడప తొక్కకూడదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నోన్నోకి థాంక్యూలు చెప్పి, పళ్లెం లోపలికి తెచ్చి, మాంసం మూటకట్టి చెత్తడబ్బాలో వేశాం. పళ్లెం కడిగి, ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కదా, దాన్నిండా గారెలు పెట్టి ఇచ్చాం. ఆయన ఆ గారెలు ఎంతో ఇష్టంగా తిన్నారు. అంటే మేమూ ఆయనది తిన్నామని ఆయన అనుకున్నారు. అనుకోనిచ్చాం.

ఇలా పది క్రిస్మస్‌లు గడిచాయి.

2018లో ఆయన భార్య పోయారు. ఆ డిసెంబరులో ఈసారి పళ్లెం రాదనుకున్నాం. వచ్చింది. ఒక్కరే చేసుకుని, ఒక్కరే కట్టి, ఒక్కరే కోసి పంపారు. మేం మామూలుగానే మూటకట్టాం. పండగ వారం చెత్తడబ్బా మూత పడనంత నిండిపోయింది. తెల్లారేసరికి కాకులు పై సంచీ చింపి, అందులోది రోడ్డువారగా గడ్డి మీద పరిచాయి. చెత్త బండి వెళ్లిపోయాక మా డబ్బా లోపలికి లాగి పెట్టే అలవాటు నోన్నోది, ఎన్నో ఏళ్లుగా, మేం అడక్కుండానే. ఆ రోజూ లాగి పెట్టారు. కింద పడిందంతా ఊడ్చి ఎత్తారు కూడా. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆ ఫాయిల్ విప్పి చూడనక్కర్లేదు, ఆయన కట్టే పురికొస ముడి వేరెవరూ వెయ్యరు. దాన్ని చేత్తో పట్టుకుని ఒక్క క్షణం నిలబడి, డబ్బాలో వేసి, మూత పెట్టి వెళ్లిపోయారు.

ఏమీ అనలేదు. పలకరింపులూ తగ్గలేదు. మరుసటి క్రిస్మస్‌కి మాత్రం పళ్లెం బదులు ఒక సీసా వచ్చింది. అందులో నూనెలో ఊరబెట్టిన వంకాయ. "ఇది తింటారుగా" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే కాస్త బాగుండేదేమో.

ఈ సంగతి రాత్రి భోజనాల దగ్గర వచ్చింది. మా ఆవిడ, "అసలు మనం ఎందుకు తినం?" అంది. "అదేమిటి, పురుగులుంటాయి కదా, మెదడులోకి పోతాయి" అన్నాను. అంతే, ఆంధ్రా మెడికల్ కాలేజీ పాఠం మొదలైంది. మీకు దాని సారం చెప్తాను, ఎందుకంటే మన వాళ్లలో నూటికి తొంభైమంది దీన్ని తప్పుగానే అనుకుంటారని ఆవిడ ఫిర్యాదు.

కేజీహెచ్‌లో హౌస్ సర్జన్సీ చేసేటప్పుడు ఫిట్స్‌తో వచ్చేవారిలో ఎంతోమందికి తల స్కాన్‌లో చిన్న ఉంగరంలాంటి మచ్చ కనబడేదట. న్యూరోసిస్టిసెర్కోసిస్ అని దాని పేరు. పంది బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోతే, అవి పిల్ల పురుగులై రక్తంలో కలిసి మెదడులో స్థిరపడతాయి. ఆ గుడ్లు పంది మాంసంలో ఉండవు. బద్దెపురుగు ఉన్న మనిషి మలంలో ఉంటాయి. సరిగా ఉడకని మాంసం తిన్నవాడికి పేగులో పురుగు పెరుగుతుంది. ఆ మనిషి చేతులు సరిగా కడుక్కోక వంట చేస్తేనో, ఆ మురికి నీళ్లు కూరగాయల మళ్లలోకి పోతేనో తక్కినవాళ్ల మెదడులోకి జబ్బు వస్తుంది. పచ్చి కొత్తిమీర చాలు, పంది మాంసం అక్కర్లేదు. జన్మలో మాంసం ముట్టని వాళ్లకీ ఈ జబ్బు వస్తున్నది అందుకే. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో న్యూయార్క్ యూదు కుటుంబాల గురించి ఒక వ్యాసం వచ్చింది. పంది ముట్టని ఆచారపరులు, వాళ్లకే ఈ మూర్ఛలు. ఆ పురుగు ఉండే దేశాలనుంచి వచ్చిన ఇంటి పనివాళ్ల ద్వారా సోకి ఉంటుందని తేల్చారు. ఈ బద్దెపురుగు వ్యాపించి ఉన్న చాలా ప్రాంతాల్లో మూర్ఛ రోగుల్లో దాదాపు 30 శాతం మందికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది.

"మరుగుదొడ్లు లేక వచ్చిన జబ్బుకి పందిని తిట్టుకున్నాం" అని ముగించింది మా ఆవిడ. ఆస్ట్రేలియా పందుల్లో ఆ పురుగు లేదు. ఇక్కడ కసాయి షాపులో దొరికే పచ్చి పంది మాంసం అంతా ఈ దేశంలో పెరిగిందే. క్వారంటైన్ నిబంధనల వల్ల పరదేశపు మాంసం హామ్‌గానో బేకన్‌గానో మారాకే కొట్లోకి వస్తుంది.

పురుగు వాదన అలా పోయింది. పోయాక కింద ఇంకేదో మిగిలిందని నాకు తెలిసింది. మా చిన్నప్పుడు పందులు పెంచుకునేవాళ్ల పేట ఊరి చివర, కాలవ పక్కన ఉండేది. ఆ పేట పిల్లలు మా బడికి వచ్చేవారు, మా ఇళ్లకి రారు, మేం పిలవలేదు. అసహ్యం పంది మీదా, మనుషుల మీదా? నలభై దాటాక, ఖండాలు దాటాక, ఇంకెవరి పెరట్లోనో ఈ ప్రశ్న ఎదురైతే జవాబు చెప్పడం ఇబ్బందిగానే ఉంటుంది. హాస్టల్లో నా గదిలో కొడగు కుర్రాడు ఉండేవాడు. వాళ్లింట్లో పెళ్లంటే పంది కూర ఉండాల్సిందేనని, కాచంపులి అనే నల్లటి పులుపు పోస్తారని గర్వంగా చెప్పేవాడు. ఇంటినుంచి తెచ్చుకున్న సీసా తెరిస్తే మేం గదిలోంచి లేచిపోయేవాళ్లం. అదీ గుర్తొచ్చింది.

ఇక మా అమ్మ. 2014 నుంచి మా దగ్గరే ఉంటోంది. ఆవిడ కారణం వేరు, దానికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. "సింహాద్రి అప్పన్న వరాహమూర్తిరా. చందనోత్సవానికి కొండెక్కి దండం పెట్టి, ఇక్కడికొచ్చి అదే తింటానంటే ఎలా?" అంది. చాళుక్యులు, కాకతీయులు, విజయనగర రాజులు అందరూ వరాహాన్నే చిహ్నంగా పెట్టుకున్నారు. బంగారు నాణేనికి వరాహమనే పేరు. అంతటి గౌరవం, అంతటి అసహ్యం ఒకే జంతువు మీద ఎలా కుదిరాయో పండితులెవరైనా రాస్తే చదవాలనుంది. అమ్మతో ఒప్పందం కుదిరింది: వంటింట్లోకి రాకూడదు, ఇంటి కత్తి, గిన్నె, పలక ముట్టకూడదు, అంతా పెరట్లోనే. "తినేవాళ్లు తినండి, నన్ను మాత్రం రమ్మనకు."

2020 చలికాలం మీకు గుర్తుండే ఉంటుంది. జులైలో మెల్బోర్న్ రెండో లాక్‌డౌన్ మొదలై అక్టోబరు చివరి దాకా సాగింది. ఆగస్టునుంచి ఇల్లు దాటి ఐదు కిలోమీటర్లు పోకూడదు. నోన్నో కొడుకు ఆ గీతకి అవతల ఉన్నాడు. సాయానికి వచ్చి పోవచ్చు గాని, కూర్చుని కబుర్లు చెప్పే రోజులు కావు. పెద్దాయన తన పెరట్లో ప్లాస్టిక్ పాల పెట్టె బోర్లించి దానిమీద నిలబడి, గడ్డం కంచె మీద ఆనించి, మేం బట్టలు ఆరేయడం చూస్తుండేవారు. ఒకనాడు నేనే వెళ్లి నిలబడ్డాను. పదేళ్ల సంగతి చెప్పాను. ఆయన విని, "నాకు తెలుసు" అన్నారు. కాసేపాగి, "గారెలు మాత్రం నేను పారెయ్యలేదు" అన్నారు. ఇద్దరం నవ్వామని రాయాలని ఉంది గాని, నాకు నవ్వు రాలేదు. నేర్పుతారా అని అడిగాను. "కాగితం తెచ్చుకో" అన్నారు.

కొలతలకి ముందు కొంచెం వంశచరిత్ర. పోర్కెట్టా మధ్య ఇటలీది. ఎముకలు తీసిన పందిని ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, ఆకులతో దట్టించి, కట్టి, గంటల తరబడి కాల్చి, సంతల్లో, తిరునాళ్లలో బండిమీద కోసి రొట్టెలో పెట్టి అమ్ముతారు. రోము దగ్గర అరిచ్చా అనే ఊరిది చాలా పేరున్నది. 2011లో యూరోపియన్ యూనియన్ దానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది, మన బందరు లడ్డుకి ఇండియాలో ఇచ్చినట్టు. అరిచ్చా వాళ్లు రోజ్‌మేరీ, వెల్లుల్లి, మిరియాలతో సరిపెడతారు. ఉంబ్రియా వైపు అడవి సోపు లేనిదే ఒప్పుకోరు. నోన్నో దగ్గర అరిచ్చా పేరెత్తితే చెయ్యి ఊపేసి, అసలుది మా అబ్రుజ్జోదే అంటారు. మన ఆవకాయ గొడవలే అన్నమాట.

ఇంటి వంటకి మొత్తం పంది అక్కర్లేదు. తోలుతో ఉన్న, ఎముక తీసిన పొట్ట మాంసం మూడు కిలోలు, వెన్ను కండ అంటిపెట్టుకుని ఉంటే మరీ మంచిది. ప్రెస్టన్‌లోనో, కోబర్గ్‌లోనో ఇటాలియన్ కసాయి దగ్గరికి వెళ్లి పోర్కెట్టాకి అంటే అలాగే కోసిస్తాడు. "ఆడపంది" అని బోర్డు పెట్టిన షాపు చూసుకోమన్నారు నోన్నో. ఇది మూఢనమ్మకం అనుకున్నాను, కాదట. ఈడొచ్చిన మగపంది కొవ్వులో ఆండ్రోస్టినోన్, స్కటోల్ అనే పదార్థాలు చేరి, వేడి తగిలితే ఒక ముతక వాసన వేస్తుంది. విచిత్రమేమిటంటే మొదటిదాన్ని కొందరి ముక్కు అసలు పట్టదు. మా ఆవిడకి పడుతుంది, నాకు పట్టదు.

మసాలా: సోపు గింజలు రెండు పెద్ద చెంచాలు, మిరియాలు ఒక చెంచా, వెల్లుల్లి ఎనిమిది పెద్ద రెబ్బలు, రోజ్‌మేరీ నాలుగు రెమ్మలు, సేజ్ ఆకులు పదో పన్నెండో, ఒక నిమ్మకాయ పైతొక్క తురుము, ఆలివ్ నూనె, అర గ్లాసు తెల్ల వైను. సోపుని మా వైపు పెద్ద జీలకర్ర అనీ అంటారు. దోరగా వేయిస్తే ఆ వాసన మన కిళ్లీ కొట్టు వాసనే, బెదరక్కర్లేదు. మెల్బోర్న్ రైలు పట్టాల వెంబడి, వాగుల గట్ల మీద మనిషెత్తు పెరిగే పసుప్పూల మొక్క ఉందే, అదే అడవి సోపు. ఇక్కడివాళ్లకది కలుపు మొక్క. నోన్నో ఏటా ఎండాకాలం ఆ పూలు కోసి, కాగితం మీద ఆరబెట్టి, పుప్పొడి సీసాలో దాస్తారు. మీరు కోసేట్టయితే మందు చల్లిన గట్లు కాకుండా చూసుకోండి, పట్టాల దగ్గరికి మాత్రం అసలు పోకండి. రోజ్‌మేరీ కొనే పని లేదు, వీధిలో నాలుగో ఇంటికి ఒక కంచె అదే. గలిపొలీ కొండల్లో పెరిగే మొక్క గనుక ఏప్రిల్ 25న యాన్‌జాక్ దినాన ఇక్కడివాళ్లు చొక్కాకి తగిలించుకునే రెమ్మ కూడా ఇదే.

ఉప్పు దగ్గర మాకు పేచీ వచ్చింది. ఎంత అంటే "చేతికి తెలుస్తుంది" అంటారు. నేను ఇంజనీరుని, నా చేతికి ఏమీ తెలియదు. తక్కెడ కంచె మీద పెట్టి, ఆయన గుప్పెడు అందులో పోయించాను. 52 గ్రాములు. మూడు కిలోలకి అంటే నూటికి ఒకటీ ముప్పావు. లోపలికి అంత, తోలు మీదికి విడిగా ఇంకో గుప్పెడు.

మాంసం పరిచి, లోపలివైపు గళ్లు గళ్లుగా అర అంగుళం లోతు గాట్లు పెట్టి, మసాలా ముద్ద వాటిలోకి పోయేలా రుద్ది, వైను చిలకరించి, వెన్ను కండ లోపలికొచ్చేలా గట్టిగా చుట్టి, రెండేసి అంగుళాలకి పురికొసతో ఒక ముడి. ఆ ముడి కోసమే నాకు ఒక పూట పట్టింది. ఆయన కంచె అవతల తన వేలికి తాడు కట్టి చూపిస్తారు, నేను ఇవతల మాంసానికి కడతాను, అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. తర్వాత తోలుని గుడ్డతో అద్ది, ఉప్పు రాసి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచాలి. (గ్యారేజీలో పాత ఫ్రిజ్ దీనికి కేటాయించబడింది. ఒప్పందం ఒప్పందమే.)

కాల్చడం హుడ్ ఉన్న గ్యాస్ బార్బెక్యూ మీద. బొగ్గుల రుచి వేరుగా ఉంటుందంటారు గాని, విక్టోరియాలో టోటల్ ఫైర్ బ్యాన్ పెట్టిన రోజున బొగ్గులు వెలిగించకూడదు, ఆ రోజులు సరిగ్గా పండగ వేళకే వస్తాయి. పక్క బర్నర్లు వెలిగించి మధ్యవి ఆర్పి, మధ్యలో నీళ్ల ట్రే, దానిపైన మాంసం, హుడ్ లోపల 160 డిగ్రీలు. ఎంతసేపు? వంట పుస్తకాలు కిలోకి ఇన్ని నిమిషాలంటాయి. చుట్ట విషయంలో ఆ లెక్క తప్పు. వేడి లోపలికి పోయే దూరమే ముఖ్యం, బరువు కాదు. పొడుగు రెట్టింపైతే సమయం పెద్దగా మారదు, లావు ఒకటిన్నర రెట్లైతే సమయం రెండుంపావు రెట్లవుతుంది. నా అయిదంగుళాల చుట్టకి మూడున్నర గంటలు పట్టింది. గుచ్చి చూసే థర్మామీటరు కొనండి, పాతిక డాలర్లతో వందల అనుమానాలు పోతాయి. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో పంది ముక్కలకి 63 డిగ్రీలు చాలంది, అది విడి ముక్కల సంగతి. చుట్టిన మాంసంలో పైభాగం లోపలికి పోతుంది, పైనున్న సూక్ష్మజీవులూ దానితో పోతాయి, కనక మధ్యలో 75 దాటి తీరాలని మా ఆవిడ పట్టు. పొట్ట మాంసంలో పీచు కరిగి జిలాటిన్ కావడానికి ఎలాగూ 82, 85 దాకా పోవాలి. ఒక్కోసారి డాక్టరు, ఇంజనీరు, రుచి ముగ్గురూ ఒకే చోట కలుస్తారు.

ఆగస్టులో మొదటిసారి తోలు చెప్పు అట్టలా వచ్చింది. తడి ఆరకుండా కట్టేశాను. తోలు కరకరలాడాలంటే ముందు నెమ్మదిగా మెత్తబడాలి, ఎండాలి, ఆ తర్వాతే చివర్లో పెద్ద మంట తగిలితే మిగిలిన కాస్త తేమ ఆవిరై దాన్ని అప్పడంలా పొంగిస్తుంది. అప్పడం ఎండకుండా వేయిస్తే ఏమవుతుందో మా అమ్మకి తెలుసు. నన్ను అడగాల్సిందంది. సెప్టెంబరులో రెండోసారి చివరి మంటకి అన్ని బర్నర్లూ తెరిచాను, ట్రేలో కొవ్వు నిండి ఉందని మరిచాను. భగ్గుమంది. కంచె మీదనుంచి "మూత! మూత!" అని ఇటాలియన్‌లో అరుపు. హుడ్ మూసి, గ్యాసు కట్టేస్తే ఆరింది. కొవ్వు మంట మీద నీళ్లు పొయ్యకండి, ఇంకా పైకి లేస్తుంది. చివరి ఇరవై నిమిషాలకి ముందు ట్రే తీసి, కొవ్వు ఒంపి, మళ్లీ నీళ్లు పోసి పెట్టుకోండి, 230 డిగ్రీలు దాటాక పక్కనుంచి కదలకండి. దింపాక అరగంట ఆగి కొయ్యాలి, ఆ అరగంటా ఫాయిల్ కప్పకూడదు, ఆవిరికి తోలు మళ్లీ మెత్తబడుతుంది.

ఆ రెండు నెలల్లో మాంసం కంటే మాటలే ఎక్కువ నడిచాయి. ఆస్ట్రేలియా, ఇటలీ ప్రభుత్వాలు 1951లో వలస ఒప్పందం చేసుకున్నాయి. ఆ తర్వాత వచ్చిన జనంలో ఈయనా ఒకరు. వెల్లుల్లి తింటారని బస్సులో పక్కన కూర్చునేవారు కాదట. పిల్లలు బడికి సలామీ రొట్టె తీసుకెళ్లి, ఎవరూ చూడకుండా చెత్తబుట్టలో పడేసి, ఆకలితో ఇంటికొచ్చేవారట. "చెత్తబుట్ట నాకు కొత్త కాదు" అన్నారు. మా అబ్బాయి రెండో క్లాసులో పప్పన్నం డబ్బా తెరవకుండా తిరిగి తెచ్చేవాడు, తిరగమోత వాసనని ఎవరో ముక్కు మూసుకున్నారట. ఇప్పుడు ఆ వెల్లుల్లి తినడానికే లైగన్ స్ట్రీట్‌లో జనం క్యూ కడతారు. 2021 జనాభా లెక్కల్లో ఇటాలియన్ మూలాలున్నవాళ్లమని చెప్పుకున్నవారు ఈ దేశంలో పదకొండు లక్షలు, ఇంట్లో తెలుగు మాట్లాడతామన్నవారు దాదాపు 59 వేలు. మన గోంగూరకి క్యూ ఎప్పుడో చూడాలి.

మూడోసారి 2020 క్రిస్మస్‌కి. లాక్‌డౌన్ ఎత్తేశారు, కొడుకు, మనవలు వచ్చి ఉన్నారు. ముందు రోజు నేను సోపు వేయిస్తుంటే అమ్మ పెరట్లోకి వచ్చింది. "ఏటిరా, మాడ్చేస్తున్నావ్" అని మూకుడు లాక్కుని, దోరగా వేయించి, తన చిన్న రోట్లో మిరియాలు, వెల్లుల్లి వేసి తనే నూరి పెట్టింది. ముద్ద నా గిన్నెలో వేసి, రోలు కడుక్కుని లోపలికి వెళ్లిపోయింది. మిగిలిన ముద్ద బంగాళాదుంపలకి పట్టించి విడిగా ఓవెన్‌లో పెట్టుకుంది, అవి మా అందరికంటే ముందు అయిపోయాయి. (పంది తినని ఇళ్లలో ఎముక తీసిన గొర్రె జబ్బకి ఇదే మసాలా పెట్టి చుట్టండి, బాగుంటుంది. కరకర తోలు మాత్రం ఉండదు. మన సంఘం పాట్‌లక్ బల్ల మీదికి పోర్కెట్టా మాత్రం నేను తేను. ఒకే గరిటె పది గిన్నెల్లో తిరిగే చోట అది మర్యాద కాదు.)

ఈసారి తోలు పొంగింది. కత్తి పెడితే చప్పుడు వీధిలోకి వినిపించింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకోవడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పను. నమిలాను, మింగాను. బాగుంది. మా ఆవిడ రెండు ముక్కలు తింది. పెద్దమ్మాయి వద్దంది, బలవంతపెట్టలేదు. చక్రాల్లా కోసి, ఆయన పళ్లెం ఒకటి పదేళ్లలో ఎప్పుడో మా దగ్గరే ఉండిపోయింది, దానిలోనే సర్ది, కంచె మీదుగా అందించాను. నోన్నో పాల పెట్టె ఎక్కి నిలబడే తిన్నారు. తోలు వేలితో కొట్టి చూశారు. ముడి విప్పకుండా పక్కన పెట్టిన పురికొసని తిప్పి తిప్పి చూశారు.

"ఉప్పు తక్కువ" అన్నారు.

తక్కెడ ప్రకారమే వేశానన్నాను. "నీ తక్కెడ మార్చు" అని పళ్లెం తీసుకుని కిందికి దిగారు. సాయంత్రం పళ్లెం తిరిగొచ్చింది. ఆయన చెట్టు నిమ్మకాయలు ఏడు, ఒక చిన్న సీసాలో పసుప్పచ్చటి పుప్పొడి. సీసా మీద టేపు అంటించి ఇంగ్లీషులో ఏదో రాశారు. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివి, "నూరడానికి కాదట, పైన చల్లడానికట" అంది.